సర్వరా, వర్క్‌స్టేషనా, కస్టమా? షెడ్డులో ఫైళ్ళ మెషిన్‌కి ఏది పెట్టాలి?

ఆటోనగర్_షెడ్డు:
అందరికీ నమస్తే. గాజువాక ఆటోనగర్‌లో మా మామయ్యకి ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. డ్రాయింగులు, కొటేషన్లు, జీఎస్టీ బిల్లులు నాలుగు పీసీల్లో తలోచోట పడున్నాయి. ఒకరు మార్చిన డ్రాయింగ్ ఇంకొకరికి వాట్సాప్‌లో పంపడం, వాళ్ళు అది చూసుకోక పాత కాపీతోనే ప్లేట్ కోసేయడం, ఆ తర్వాత గొడవ. ఇది ఆగాలంటే ఫైళ్ళన్నీ ఒకేచోట ఉండాలని ఒక పాత డెస్క్‌టాప్ పీసీ పక్కన పెట్టాను: మూడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్‌డిస్క్. ఆల్మాలైనక్స్ 9 (ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ కూడా రెడీ.

ఇన్‌స్టాలర్‌లో సర్వర్, సర్వర్ విత్ జీయూఐ (మౌస్‌తో వాడే డెస్క్‌టాప్ స్క్రీన్‌తో), మినిమల్, వర్క్‌స్టేషన్, కస్టమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అని లిస్టు వచ్చింది, అక్కడ ఆగిపోయాను. మామయ్య ఫ్రెండ్ ఒకాయనకి లైనక్స్‌తో పాత పరిచయం. ఆయనేమో "సర్వర్ నొక్కితే డిస్కులన్నీ తుడిచేస్తుంది, కస్టమ్ పెట్టుకో, అప్పుడే పార్టిషన్లు (డిస్క్‌లో చేసుకునే భాగాలు) నీ చేతిలో ఉంటాయి" అన్నారు. ఆ 1 టీబీలో పాత డ్రాయింగులు ఉన్నాయి, విండోస్‌లో ఫార్మాట్ చేసిన డిస్క్ అది. అందుకే టెన్షన్.

మర్రిపాలెం_మాస్టారు:
బాబూ, ఆయన చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే ఆ రోజులు వేరు. 2000 ప్రాంతంలో రెడ్‌హ్యాట్ లైనక్స్ 6, 7 వెర్షన్లలో వర్క్‌స్టేషన్, సర్వర్, కస్టమ్ అనే ఎంపికలోనే డిస్క్ సంగతి కూడా కలిసి ఉండేది. వర్క్‌స్టేషన్ అంటే ఉన్న లైనక్స్ పార్టిషన్లు పోతాయి, విండోస్ మిగులుతుంది. సర్వర్ అంటే విండోస్‌తో సహా అన్ని డిస్కుల్లో ఉన్నదంతా పోతుంది. కస్టమ్ ఒక్కదాంట్లోనే మనం చెప్పినట్టు నడిచేది. ఆ భయం ఆ తరం వాళ్ళకి ఇంకా పోలేదు.

ఇప్పుడు ఆ రెండూ వేరు వేరు స్క్రీన్లు. నువ్వు చూస్తున్న లిస్టు ఏ ప్యాకేజీలు వెయ్యాలన్న దాని గురించే, డిస్కు జోలికి రాదు. డిస్క్ సంగతంతా ఇన్‌స్టాలేషన్ డెస్టినేషన్ అనే స్క్రీన్‌లో ఉంటుంది. ఇక ఇప్పటి కస్టమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే దాదాపు మినిమల్ లాంటిదే, డెస్క్‌టాప్ కూడా రాదు, పార్టిషన్ల కోసం అది నొక్కితే కమాండ్లు టైప్ చేసే నల్ల స్క్రీన్ ముందు కూర్చోవాలి.

ప్యాకేజీల్లో పొరపాటు జరిగినా భయం లేదు, తర్వాత డీఎన్‌ఎఫ్ అనే కమాండ్‌తో ఎప్పుడైనా వేసుకోవచ్చు, తీసెయ్యొచ్చు. డిస్క్ లేఅవుట్ అలా కాదు. ఆల్మా మామూలుగా ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే డిస్క్ ఫార్మాట్ వాడుతుంది, దాన్ని పెంచగలం గానీ కుదించలేం. ఆటోమేటిక్‌కి వదిలేస్తే రూట్‌కి (సిస్టమ్ ఉండే భాగం) 70 జీబీ దాకా ఇచ్చి మిగతాదంతా హోమ్‌కి (యూజర్ల ఫైళ్ళ భాగం) పోస్తుంది. అందుకని నీ ఆలోచనంతా ఆ స్క్రీన్ మీద పెట్టు.

ఎంవీపీ_అడ్మిన్:
మాస్టారు చెప్పింది కరెక్ట్. నా ఓటు మాత్రం డెస్క్‌టాప్ లేని సర్వర్‌కే. ఫైళ్ళ మెషిన్ మీద మనిషిని కూర్చోబెట్టకూడదు తమ్ముడూ. సాయంత్రం వెళ్తూ అలవాటుగా షట్‌డౌన్ చేసేస్తారు, అవతల ముగ్గురి పని ఆగిపోతుంది. పైగా గ్నోమ్ (ఆల్మాలో వచ్చే డెస్క్‌టాప్) తనంతట తానే సస్పెండ్‌లోకి (నిద్రలోకి) వెళ్ళే అవకాశం ఉంది, అప్పుడు షేర్ (అందరూ తెరిచే ఉమ్మడి ఫోల్డర్) కనిపించట్లేదని మీరు కేబుళ్ళు పీకి చూసుకుంటూ ఉంటారు. మౌస్ లేకపోతే ఎలా అని భయపడక్కర్లేదు, కాక్‌పిట్ అనే టూల్ ఆన్ చేసుకుంటే వేరే పీసీలో బ్రౌజర్ తెరిచి 9090 పోర్ట్‌లో డిస్కులు, అప్‌డేట్లు, లాగ్‌లు అన్నీ చూడొచ్చు.

ఇంకోటి, ఆల్మా 10 ఉంది కదా అని దానికి వెళ్ళకు. దాని మామూలు ఐఎస్‌ఓకి (ఇన్‌స్టాల్ ఫైల్) ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్లు ఉన్న ప్రాసెసర్ కావాలి, మూడో తరంలో అది లేదు. పాతవాటికి వాళ్ళు వేరే బిల్డ్ ఇస్తున్నారు గానీ నీకు 9 చాలు, 2032 మే దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

ఆటోనగర్_షెడ్డు:
అన్నా, మీరు చెప్పింది అర్థమైంది, కానీ బిల్లులు కొట్టే అమ్మాయికి వేరే సీటు లేదు. ఇంకో పీసీ అంటే మామయ్య దసరా తర్వాత చూద్దాం అంటున్నారు. అప్పటిదాకా ఇదే నడవాలి. మరి వర్క్‌స్టేషనేనా?

కంచరపాలెం_కేబుల్:
వద్దు, సర్వర్ విత్ జీయూఐ పెట్టు. దాంట్లోనూ గ్నోమే వస్తుంది, బ్రౌజర్ ఉంటుంది, ఆమెకి తేడా తెలియదు. కుడివైపు ఫైల్ అండ్ స్టోరేజ్ సర్వర్ టిక్ చేస్తే సాంబా (విండోస్ పీసీలకి ఫోల్డర్ షేర్ చేసే సాఫ్ట్‌వేర్) సరంజామా వచ్చేస్తుంది. లిబ్రెఆఫీస్ తర్వాత వేసుకో. దసరా తర్వాత ఆమెకి పీసీ వచ్చాక డిఫాల్ట్ టార్గెట్‌ని (మెషిన్ ఏ మోడ్‌లో లేవాలన్న సెట్టింగ్) గ్రాఫికల్ నుంచి మల్టీ-యూజర్‌కి మార్చి రీబూట్ చేస్తే డెస్క్‌టాప్ లేకుండా లేస్తుంది, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే పని లేదు. సస్పెండ్ సంగతికి సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో స్లీప్, సస్పెండ్ టార్గెట్లని మాస్క్ చేసేయ్ (పూర్తిగా ఆపేయ్), ఇక నిద్రపోదు. ఆమెది మామూలు యూజర్ అకౌంట్, రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద రాసి మానిటర్‌కి అంటించొద్దు.

డిస్క్ దగ్గర ఇలా చెయ్యి. ముందు పాత డ్రాయింగులు విండోస్ పీసీలోనే ఒక బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకో, నాలుగైదు పెద్ద ఫైళ్ళు తెరిచి చూసుకో. తర్వాత కేబినెట్ తీసి 1 టీబీ డిస్క్ సాటా కేబుల్ పీకేయ్. స్క్రీన్ మీద టిక్ తీసేస్తే సరిపోతుంది కదా అంటారు, సరిపోతుంది, కానీ పీకిన డిస్క్‌ని ఎవరూ తుడవలేరు. రెండు డిస్కులూ టిక్ అయి ఆటోమేటిక్ నడిస్తే రెండింటినీ ఒకే వాల్యూమ్ గ్రూప్‌లో (ఒకే పెద్ద డిస్క్‌లా) కలిపేస్తుంది, అప్పుడు ఒక్కటి చెడినా మొత్తానికి ముప్పే. ఎస్‌ఎస్‌డీ మీద సిస్టమ్ పడ్డాక ఆపేసి, కేబుల్ పెట్టి, పెద్ద డిస్క్‌ని ఎక్స్‌ఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసి ఎస్‌ఆర్‌వీ అనే డైరెక్టరీ కింద ఒక ఫోల్డర్‌కి మౌంట్ చెయ్యి (తగిలించు). విండోస్ ఫార్మాట్‌లోనే ఉంచుదామనుకోకు, ఆల్మా 9 కెర్నల్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ (ఆ విండోస్ ఫార్మాట్) లేదు, ఈపెల్ (అదనపు ప్యాకేజీల భండారం) నుంచి వేరే ప్యాకేజీ తెచ్చుకోవాలి, పర్మిషన్లతో కుస్తీ కూడా.

షేర్ పెట్టాక విండోస్ నుంచి ఫోల్డర్ కనిపించి, లోపలికి వెళ్తే పర్మిషన్ లేదంటే ఎస్‌ఈలైనక్స్‌ని (లైనక్స్‌లో ఉండే సెక్యూరిటీ కాపలా) ఆపేయమని ఎవరో ఒకరు చెప్తారు, వినకు. ఆ ఫోల్డర్‌కి సాంబా షేర్ లేబుల్ ఇవ్వాలి, ఫైర్‌వాల్‌లో సాంబా సర్వీస్ తెరవాలి, అంతే.

ఎంవీపీ_అడ్మిన్:
సరే, సీటు లేనప్పుడు ఇదే దారి, ఒప్పుకున్నాను. యూపీఎస్ ఉందా? లేకపోతే దసరా దాకా ఆగకుండా ముందు అది కొనండి. బయోస్‌లో కరెంట్ పోయి వస్తే తనే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా పెట్టు.

ఆటోనగర్_షెడ్డు:
యూపీఎస్ ఉందన్నా, బ్యాటరీ పాతది, మార్పిస్తాను. డ్రాయింగుల కాపీ ఇప్పుడే మొదలెట్టాను. ఆ బయటి డిస్క్‌ని ఖాళీ చేయకుండా బ్యాకప్‌కే ఉంచేస్తే సరిపోతుందా?

కంచరపాలెం_కేబుల్:
ఉంచేయ్, కానీ అదే మెషిన్‌కి గుచ్చి వదిలేయకు. వారానికోసారి ఆర్‌సింక్ (మారిన ఫైళ్ళని కాపీ చేసే కమాండ్) కొట్టి మామయ్య ఇంటికి పంపించు.