కరెంటు బోర్డులో పనిచేసిన నాన్నకు పింఛను రాదా?

ధరణి: రాత్రి నుంచి పాత ఆర్డర్లన్నీ చదువుతున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. మా నాన్నగారు కరెంటు బోర్డు లైన్‌మన్. త్వరలో రిటైర్మెంట్. ఆయనకు బోర్డు పింఛను రాదు, పీఎఫ్ డబ్బులే అంటున్నారు. ఆయనతో పాటు స్తంభాలెక్కిన మా బాబాయికి మాత్రం పింఛను వస్తోంది. బోర్డు కంపెనీలుగా మారినా ఉద్యోగులకు నష్టం ఉండదన్నారు కదా? అర్జీ ఎవరికి పెట్టాలి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

పాతలైన్: చేరిన తేదీ?

సబ్‌స్టేషన్ మావయ్య: అమ్మా, బోర్డు ఇప్పుడు లేదు. 1999 ఫిబ్రవరి 1న ఏపీఎస్ఈబీ (ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు) స్థానంలో కరెంటు తయారీకి జెన్‌కో, పంపడానికి ట్రాన్స్‌కో వచ్చాయి. 2000 ఏప్రిల్‌లో పంపిణీ పని నాలుగు డిస్కంలకు వెళ్ళింది: హైదరాబాద్, వరంగల్, విశాఖ, తిరుపతి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కర్నూలు, అనంతపురం జిల్లాలు హైదరాబాద్ డిస్కం నుంచి తిరుపతి డిస్కంలోకి వచ్చాయి. అసలు అన్యాయం ఆ తర్వాతే. 2015 జూన్‌లో తెలంగాణ విద్యుత్ సంస్థలు ఆంధ్ర స్థానికులంటూ 1,157 మందిని రిలీవ్ చేశాయి. 2018లో సుప్రీంకోర్టు ఆ ఉద్యోగుల పంపకానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేసేదాకా వెళ్ళింది వ్యవహారం. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు పంచుకున్నంత సులువుగా మనుషుల్ని పంచలేదు.

పాతలైన్: ఆ అమ్మాయి అడిగింది పింఛను గురించి. తేదీ చెప్పమ్మా.

ధరణి: 1996 నుంచి చేస్తున్నారండీ. బాబాయి కూడా అప్పుడే.

లెక్కల గుమాస్తా: 1996లో రెగ్యులరా, కాంట్రాక్టా? అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. 1999 ఫిబ్రవరి 1కి ముందు బోర్డులో రెగ్యులర్‌గా ఉన్నవాళ్ళు పాత సర్వీసు, జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల తరహా పీఎఫ్), పింఛనుతో సహా కొత్త కంపెనీల్లోకి వెళ్ళారు. తర్వాత చేరినవాళ్ళకు ఆ పింఛను బదులు ఈపీఎఫ్, అంటే ఉద్యోగుల భవిష్య నిధి. సర్వీసు రిజిస్టరు తీసి చూడండి.

ధరణి: చూశాను. మొదట కాంట్రాక్టే. జేఎల్ఎంగా (జూనియర్ లైన్‌మన్) రెగ్యులర్ అయింది 2001లో. బాబాయిది 1998.

లెక్కల గుమాస్తా: తేడా అక్కడే వచ్చింది. పొరపాటేమీ జరగలేదు కాబట్టి అర్జీ పెట్టినా ఉపయోగం ఉండదు. కానీ పింఛను అసలే లేదనుకోవద్దు. ఈపీఎఫ్‌తో పాటు ఈపీఎస్-95 అనే పింఛను పథకం ఉంటుంది, 58 ఏళ్ళు నిండితే అడగొచ్చు. పింఛను లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి నెలకు 15,000 రూపాయల పరిమితి ఉంది. 2022 నవంబరు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎక్కువ పింఛనుకు జాయింట్ ఆప్షన్ (పూర్తి జీతం మీద పింఛను లెక్కకట్టమని ఉద్యోగి, సంస్థ కలిసి పెట్టే అర్జీ) పెట్టారేమో నాన్నగారిని అడగండి. అది పెట్టి ఉంటే లెక్క మారుతుంది.

సబ్‌స్టేషన్ మావయ్య: పొరపాటు లేదంటే ఎలా? 1996 నుంచి ఎక్కింది బోర్డు స్తంభాలే కదా. కాంట్రాక్టు సర్వీసూ కలపాలి.

లెక్కల గుమాస్తా: పని బోర్డుది, నియామకం బోర్డుది కాదు. బదిలీ అయింది బోర్డు ఉద్యోగులే.

సబ్‌స్టేషన్ మావయ్య: మరి ప్రభుత్వంలో 2004 ఆగస్టు 31 దాకా చేరినవాళ్ళకు పాత పింఛను ఉంది. 1999 నుంచి 2004 మధ్య కంపెనీల్లో చేరినవాళ్ళు అదే అడుగుతున్నారు. అందులో తప్పేముంది?

పాతలైన్: అది డిమాండ్, ఆర్డరు కాదు. ఆ అమ్మాయికి ఆశ పెట్టకండి.

సబ్‌స్టేషన్ మావయ్య: అడగకపోతే ఆర్డరు ఎక్కడినుంచి వస్తుంది సార్?

ధరణి: నాన్న యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు దొరికింది. ఆ ఆప్షన్ సంగతి రేపు అడుగుతాను. థాంక్సండీ.

సబ్‌స్టేషన్ మావయ్య: నాన్నగారు ఏ యూనియన్‌లో ఉన్నారమ్మా?