రొయ్యల గుంటల కాడ నైట్ డ్యూటీ: లూసిడ్ డ్రీమ్ కుదురుతుందా?

గట్టుమీద (విడవలూరు):
పదికి పడుకుంటా. మూడింటికి లేచి డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూసి, ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయో లేదో చూసుకుని, నాలుగ్గంటలకి మళ్లీ పడుకుని ఏడింటికి లేస్తా. కలలో ఉండగానే ఇది కల అని తెలిసే లూసిడ్ డ్రీమ్‌కి ఈ రెండు ముక్కల నిద్ర పనికొస్తుందా? రోజూ పదింటికి పడుకునేటప్పుడు 'కల్లో తెలివి రావాల' అనుకుంటున్నా. నెలైంది, ఏమీ లేదు. అసలు దానివల్ల ఉపయోగం ఏందన్నా?

పెన్నా తీరం:
తమ్ముడూ, నీ టైమింగ్ చాలామందికి దొరకనిది. అనుకోవాల్సింది పదింటికి కాదు, నాలుగింటికి.

నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా నడుస్తుంది. రాత్రి మొదట్లో గాఢనిద్ర ఎక్కువ, కలలు బాగా వచ్చే రెమ్ నిద్ర కొద్ది నిమిషాలే. తెల్లారేకొద్దీ రెమ్ పెరుగుతుంది. పదింటికి అనుకున్న మాట ఆ గాఢనిద్రలోనే పోతుంది. ఐదు గంటలు పడుకుని, అరగంట నుంచి గంట మెలకువగా ఉండి మళ్లీ పడుకోమని అందరికీ చెప్తారు. నీకది డ్యూటీలోనే ఉంది.

మూడింటికి అలారం మోగగానే దాన్ని ఆపి, మళ్లీ కదలకుండా కళ్లు మూసుకుని నిమిషం ఉండు. వచ్చిన కలని వెనక నుంచి ముందుకు లాగు. నాలుగు మాటలు ఫోన్‌లో రికార్డ్ చెయ్యి. నాలుగింటికి పడుకున్నాక అదే కల తీసుకో. అందులో జరగడానికి వీల్లేనిది ఒకటి ఉంటుంది. కరెంటు లేకుండానే ఏరియేటర్ తిరుగుతున్నట్టు, చనిపోయిన తాత గట్టు మీద నిలబడినట్టు. అక్కడ ఆగి 'ఓహో, ఇది కల' అని గుర్తుపట్టినట్టు ఊహించుకో. 'ఈసారి కల వస్తే కల అని గుర్తుపట్టాల' అనుకుంటూ నిద్రలోకి జారు. స్టీఫెన్ లాబెర్జ్ అనే అమెరికా నిద్ర పరిశోధకుడు దీనికి మైల్డ్ అని పేరు పెట్టాడు. జపం లాగా నోటితో తిప్పితే పని చెయ్యదు. 'మెడికల్ షాపు దాటేటప్పుడు బిళ్లలు తీసుకోవాల' అని మనసులో పెట్టుకుంటామే, అట్టా ఉండాల.

రాత్రికి ఒక్క కలైనా గుర్తుండకపోతే రెండు వారాలు కలలు రాసుకోవడమొక్కటే చెయ్యి. మిగతావి తర్వాత.

ఒంగోలు నిద్ర:
పగలు చేసేది కూడా ఉంది. ముక్కు గట్టిగా మూసి, నోరు మూసుకునే గాలి పీల్చి చూడండి. కలలో అయితే చాలాసార్లు గాలి ఆడుతుంది. స్టార్టర్ ముట్టుకున్న ప్రతిసారీ ఇది చేస్తే గుర్తుంచుకోవడం తేలిక. చేసేటప్పుడు 'ఐదు నిమిషాల కింద నేనెక్కడున్నా?' అని నిజంగా ఆలోచించండి. ఊరికే ముక్కు పట్టుకుంటే కలలోనూ ఊరికే పట్టుకుంటారు. ఇది కలేనా అని చూడ్డానికి దూకడం, నీళ్లలోకి దిగడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. గుంటల దగ్గర పనిచేసేవారు కాబట్టి గట్టిగా చెప్తున్నా.

కొత్తవాళ్లకి తెలివి రాగానే సంతోషం పట్టలేక మెలకువ వచ్చేస్తుంది. అప్పుడు కలలోనే రెండు అరచేతులు రుద్దుకోండి, కాళ్ల కింద నేల చూడండి. కల నిలబడుతుంది.

ఉపయోగం అంటారా, పదే పదే వచ్చే పీడకలలకి ఇది కొందరికి పనికొస్తుంది. తరుముకొచ్చేదాని వైపు తిరిగి 'ఏం కావాలి?' అని అడగొచ్చు. చేతిపని సాధన కూడా ఉంది. 2010లో జర్మన్ పరిశోధకులు ఎర్లాకర్, ష్రెడ్ల్ కలలోనే నాణేలు కప్పులోకి విసిరే సాధన చేయించి చూస్తే, మేలుకున్నాక గురి మెరుగైంది. చిన్న ప్రయోగమే, అయినా ఆసక్తికరం.

కందుకూరు:
ఒక జాగ్రత్త. మెలకువ వచ్చినా ఒళ్లు కదలకపోవచ్చు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండొచ్చు. మనవైపు దయ్యం పట్టిందంటారు. రెమ్‌లో కండరాలు బిగుసుకోకుండా పట్టు వదిలేసి ఉంటాయి, ఆ స్థితి మెలకువలోకి కాస్త మిగిలిందంతే. కాలివేళ్లు కదపడానికి ప్రయత్నిస్తూ మెల్లగా ఊపిరి తీస్తే పోతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, పక్కకి తిరిగి పడుకోండి. ఈ సాధన వారానికి రెండు మూడు రోజులు చాలు. లేనివి ఉన్నట్టు కనపడే, వినపడే మానసిక జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. ఇందుకోసం గాలంటమిన్ బిళ్లలు వాడమని చెప్పేవాళ్లున్నారు. అది అల్జీమర్స్ మందు, గుండె వేగం తగ్గిస్తుంది. డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు.

గట్టుమీద:
ఐదింటికి గుడి మైకు మొదలైతే మెలకువ వస్తాది. అది చెడగొడతదా?

పెన్నా తీరం:
చెడగొట్టదు. కళ్లు తెరవకుండా, పక్కకి దొర్లకుండా ఉంటే ఒక్కోసారి నేరుగా కలలోకే పోతావు. ఆ పాట కలలోకి కూడా దూరుతుంది. 'మైకు వినపడితే ముక్కు మూసి చూడాల' అని నాలుగింటికి అనుకుని పడుకో.