చింతచిగురు ఫ్రీజర్‌లో దాచి దసరాకి వండితే తప్పా?

మిద్దెతోట మణి (హైదరాబాద్)

చిన్న విషయమే, కానీ మా ఇంట్లో వారం రోజులుగా నలుగుతోంది. ఏప్రిల్‌లో మా అమ్మ ఊరి నుంచి రెండు కిలోల చింతచిగురు పంపింది. ఒక కిలో పప్పుకీ, ఇరుగుపొరుగుకీ అయిపోయింది. మిగతాది ఈనెలు తీసి, కవర్లలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. దసరాకి ఆడపడుచు వాళ్లు వస్తే చింతచిగురు మటన్ చేశాను. అందరూ తిన్నారు. అత్తయ్య మాత్రం రెండు ముద్దలు తిని, "చైత్రంలో తినేది ఆశ్వయుజంలో ఎందుకమ్మా? పైన బీరకాయలు ముదిరిపోతుంటే..." అని ఊరుకున్నారు.

ఆ చివరి మాటే గుచ్చుకుంది. వెళ్లి చూస్తే నిజంగానే మిద్దె మీద రెండు బీరకాయలు పీచు పట్టి వేలాడుతున్నాయి.

తోట ఉన్నవాళ్లు ఏ కాలంలో కాసింది ఆ కాలంలోనే వండుకోవాలా? లేక దండిగా వచ్చినప్పుడు దాచుకుని ఏడాదంతా తినొచ్చా? రుచి, ఆరోగ్యం, పద్ధతి ఏ లెక్కన చెప్పినా సరే. అత్తయ్యకి చదివి వినిపిస్తాను కాబట్టి కాస్త మర్యాదగా రాయండి.

గోదారి మాస్టారు (అమలాపురం)

నేను మీ అత్తగారి పక్షం, తల్లీ.

మా పెరట్లో పందిరి చిక్కుడు ఉంది. ఆషాఢంలో గింజ పెడతాం. భాద్రపదం వచ్చేసరికి పందిరంతా ఆకే, పువ్వు కనపడదు. కొత్తగా పెంచేవాళ్లు కంగారుపడి ఎరువులు వేస్తారు. ఏం వేసినా అది వినదు. పగలు తగ్గి, రాత్రి పెరిగి, పొద్దున్నే కాస్త మంచు పడటం మొదలైతేనే పూత. సంక్రాంతికి కాయ. అప్పుడు లేత కాయలు తుంచి, అల్లం పచ్చిమిర్చి ముద్ద వేసి, దింపేముందు కొబ్బరి కోరు చల్లితే ఆ కూరకి వేరే ఏమీ అక్కర్లేదు. ఆరు నెలలు ఆ పందిరి కిందే తిరిగాం కదా, ఆ రుచిలో అదీ ఉంటుంది.

ఆషాఢంలో ములగాకు తెలగపిండి, సంక్రాంతికి గుమ్మడికాయ పులుసు, ఉగాదికి వేపపువ్వు. ఒక్కో నెలకీ ఒక్కో కూర. జూన్‌లో కూడా డబ్బాలోంచి చిక్కుడు తీసి వండితే ఆ నెలకి ఇక గుర్తేం మిగిలింది? మా చిన్నతనంలో కాలీఫ్లవర్ కనిపించిందంటే చలికాలం వచ్చిందని. ఇప్పుడు ఏ నెలలో చూసినా అదే పువ్వు, అదే చప్పదనం.

న్యూజెర్సీ గోంగూర

మాస్టారూ, మీకు పన్నెండు నెలలూ పెరట్లో ఏదో ఒకటి కాస్తుంది కాబట్టి ఈ మాట అనగలుగుతున్నారు. మా దగ్గర మే నెల సగం గడవకుండా నారు నేలలో పెడితే చలికి పోతుంది. అక్టోబర్‌లో ఒక్క రాత్రి మంచు గట్టిగా పడితే చాలు, తెల్లారేసరికి బీర, సొర, గోంగూర అన్నీ ఉడికించినట్టు నల్లగా వాలిపోతాయి. ఐదు నెలలే మా తోట.

ఆగస్టులో గోంగూర ఎంత వస్తుందంటే, ఆఫీసులో తెలుగువాళ్ల డెస్కుల మీద కట్టలు పెట్టి వస్తాను. ఒకాయన "మీ గోంగూర చాలు తల్లీ" అని దండం కూడా పెట్టాడు. ఇంకా మిగిలింది ఏం చేయమంటారు, కంపోస్టులో వేయమంటారా? ఫ్రీజర్‌లో పెడతాను. జనవరిలో బయట మోకాలి లోతు మంచు ఉన్నప్పుడు గోంగూర పప్పు, ఊరమిరపకాయ. మా పిల్లలకి గోంగూర అంటే అదే కాలం. వాళ్ల లెక్కలో అది చలికాలపు కూర.

ఉడకని పప్పు

నేను ఆహార పరిశ్రమలో పనిచేస్తాను. కాలం, సంప్రదాయం నాకు తెలియదు, ఆకుకి ఏం జరుగుతుందో చెప్తాను.

కోసిన ఆకు వెంటనే చచ్చిపోదు. లోపల ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. చలికి వాటి పని నెమ్మదిస్తుంది కానీ ఆగదు. అందుకే పచ్చి ఆకు అలాగే ఫ్రీజర్‌లో పెడితే మైనస్ 18 డిగ్రీల్లో కూడా నెలలు గడిచేకొద్దీ రంగు, వాసన పోయి గడ్డి రుచి వస్తుంది. మణి గారూ, మీరు చిగురు పచ్చిదే పెట్టారు కదా? మీ అత్తగారి నాలుక పట్టుకున్నది బహుశా ఇదే.

పాలకూరకి, బీన్స్‌కి మార్గం సులువు. మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు వేసి, తీసి వెంటనే ఐస్ నీళ్లలో ముంచి, నీళ్లు పిండి పెట్టాలి. కొంత విటమిన్ సి నీళ్లలో పోతుంది, నిజమే. కానీ సంత నుంచి తెచ్చి నాలుగు రోజులు వంటింట్లో వాడిపోయిన పాలకూరలో మాత్రం అది ఎంత మిగులుతుంది?

చింతచిగురు, గోంగూర దగ్గరే ఈ పద్ధతి పనికిరాదు. పులుపూ వేడీ కలిస్తే ఆకుపచ్చ నిలవదు. గోంగూర బాణలిలో వేసిన రెండు నిమిషాలకి గోధుమ రంగులోకి తిరగడం అందరూ చూసిందే. పైగా నీళ్లలో ముంచితే పులుపంతా ఆ నీళ్లలోకే పోతుంది. కాబట్టి వీటిని నూనెలో మగ్గించి, చల్లార్చి, ఒక పూటకి సరిపడా చిన్న డబ్బాల్లో పెట్టుకోండి. వేడికి ఎంజైములు చస్తాయి, పులుపు ఎక్కడికీ పోదు.

నా పేరు గురించి అడుగుతారని ముందే చెప్తున్నా: పెళ్లయిన కొత్తలో కందిపప్పూ చింతచిగురూ ఒకే కుక్కర్‌లో వేశాను. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. ఎనిమిది విజిల్స్ వచ్చినా గింజ గింజలాగే ఉంది.

మిద్దెతోట మణి

అవునండీ, పచ్చిదే పెట్టాను. కవరు విప్పితే పైన తెల్లగా ఐసు, కింద చిగురు టీ పొడిలా నల్లబడి ఉంది. మసాలాలో కలిసిపోతుందిలే అనుకున్నా.

పుంటికూర (సంగారెడ్డి)

ఇక్కడ ఎవరూ వరుగుల ముచ్చట తీయలేదేంది?

మాస్టారు చెప్పినట్టు పాతకాలంలో అందరూ ఏ కాలానిది ఆ కాలంలోనే తిన్నారనుకుంటే తప్పు. మా అమ్మమ్మ ఇంట్లో ఎండాకాలమంతా మిద్దె మీద ఏదో ఒకటి ఎండుతూనే ఉండేది. గోరుచిక్కుడు ఉప్పు నీళ్లలో ఒక పొంగు రానిచ్చి ఎండబెట్టేది (పైన సారు చెప్పిన బీన్స్ పద్ధతే కదా ఇది!). వంకాయ, కాకర, టమాట, మామిడికాయ అన్నీ వరుగులే. వానాకాలంలో ముసురు పట్టి పది రోజులు సంత జరగకపోతే అవే కూర. చింతచిగురు కూడా నీడలో ఆరబెట్టి కుండలో దాచేది. ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర వేయించి, ఎల్లిపాయ వేసి దంచితే చింతచిగురు పొడి. వేడన్నంలో నెయ్యి పోసుకుని తింటే మస్తుగా ఉంటుంది.

కానీ ఫ్రీజర్‌కీ దానికీ ఒక తేడా ఉంది. ఎండిన చిక్కుడు పచ్చి చిక్కుడునని చెప్పుకోదు. అది వరుగు, దాని రుచి వేరు, వేయించే తీరు వేరు, పేరే వేరు. గోంగూర నిల్వ పచ్చడి కూడా అంతే. ఎవరూ దాన్ని తాజా గోంగూరతో పోల్చి వంక పెట్టరు. ఫ్రీజర్‌లోంచి తీసిన చిగురుని మాత్రం ఏప్రిల్ చిగురు లాగే ఉండాలని వండుతాం, ఏప్రిల్ చిగురుతోనే పోలుస్తాం. పోలిస్తే ఓడిపోతుంది. అక్కా, మీ అత్తమ్మ ముందు చింతచిగురు పొడి వేసి మటన్ చేసి ఉంటే ఈ మాట వచ్చేదే కాదు.

ఇంకోటి. కాలం అంటే తోటలో మనం పెట్టిందే కాదు. వినాయక చవితికి మా దిక్కు తుమ్మికూర వండుతాం. దాన్ని ఎవరూ విత్తరు, వానలకి చేలల్లో అదే వస్తుంది. గంగవాయిలి కూర, పొన్నగంటి కూర కూడా అలా దొరికేవే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఇలాంటి సాగు చేయని ఆకుకూరల గురించి ఎన్నో ఏళ్ల నుంచి చెప్తున్నారు. సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే వాళ్ల పాత పంటల జాతరకి వీలైతే వెళ్లండి. మిద్దె తోటలో కలుపు అని పీకి పారేసేది సగం కూరే అని తెలుస్తుంది.

గోదారి మాస్టారు

వరుగుల మాట ఒప్పుకుంటున్నాను. మేమూ మామిడి ఒరుగులు పెట్టాం, వేపపువ్వు ఎండబెట్టి చారు పెట్టాం. నాకు కోపం ఫ్రీజర్ మీద కాదు, కాలమే లేనట్టు వండుకోవడం మీద. న్యూజెర్సీ అమ్మాయి సంగతి వేరు, ఆవిడకి మినహాయింపు.

న్యూజెర్సీ గోంగూర

మినహాయింపుకి ధన్యవాదాలు మాస్టారూ. రెండు డబ్బాలు కొరియర్ చేయమంటారా?

మదనపల్లె మడి

అందరూ తినేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. పండించేవాడి వైపు నుంచి ఒక మాట.

మేము టమాటా వేస్తాం. పంట ఒక్కసారిగా మార్కెట్‌కి వచ్చినప్పుడు కోత కూలీ కూడా గిట్టదు, తోటలోనే వదిలేసిన రోజులున్నాయి. అదే 2023 జూలైలో కిలో వంద దాటిపోయింది, మీరంతా టమాటా లేని రసం గురించి జోకులు వేసుకున్నారు. ధర పడిపోయినప్పుడు పట్నంలో ఇంటింటికీ ఐదు కిలోలు ఎక్కువ కొని, ముక్కలు ఎండబెట్టుకుంటేనో, మగ్గించి దాచుకుంటేనో మాకు మేలు, మీకూ మేలు. కాలంలో తినడమంటే ఆ కాలంలో కొనడం కూడా. జూలైలో టమాటా కావాల్సిందేనని పట్టుబట్టేవాళ్లతోనే మాకు చిక్కు.

ఉడకని పప్పు

మంచి మాట. ఒక్క జాగ్రత్త: పచ్చి బఠాణీ, మొక్కజొన్న మాత్రం దాచుకునే ముందు ఆలస్యం చేయొద్దు. కోసిన క్షణం నుంచి పచ్చి బఠాణీలో, లేత కండెలో తీపి పిండిగా మారిపోతూ ఉంటుంది. పెరటి కండె తియ్యగా ఉండటానికి మీ ఎరువు గొప్పదనం కంటే పొయ్యి దగ్గరగా ఉండటమే ముఖ్య కారణం.

కరెంటు కోత

నా అనుభవం కూడా రాయనివ్వండి. రెండేళ్ల కింద మే నెలలో ఊరెళ్లాం. గాలివానకి మా వీధిలో ఒక రోజంతా కరెంటు లేదట. తిరిగొచ్చేసరికి ఫ్రీజర్‌లో అన్నీ గట్టిగానే ఉన్నాయి, ఏం కాలేదనుకున్నాం. గోంగూర డబ్బా తీసి చూస్తే అడుగున నీళ్లు కారి మళ్లీ గడ్డకట్టిన పలక! అంతా కరిగి, పులిసి, తిరిగి గడ్డకట్టింది. ఎనిమిది డబ్బాలు పారేశాం. అప్పటి నుంచి చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద ఒక రూపాయి నాణెం పెట్టి వెళ్తున్నా. తిరిగొచ్చేసరికి నాణెం ఐసులో మునిగి ఉంటే కరెంటు చాలాసేపు పోయినట్టే. వరుగులకి ఈ టెన్షన్ లేదు, పురుగు పట్టకుండా అప్పుడప్పుడు ఎండ చూపిస్తే చాలు.

మిద్దెతోట మణి

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి అత్తయ్యకి మొత్తం చదివి వినిపించాను. పుంటికూర గారి వరుగుల మాట దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. తర్వాత అన్నారు: "నేను కాలం గురించి అనలేదే. పైన కాసినవి చూడకుండా డబ్బాలు వెతికావని అన్నాను."

ఒప్పందం కుదిరింది. వచ్చే చైత్రంలో చిగురు సగం నూనెలో మగ్గించి పెడతాం, సగం నీడలో ఆరబెడతాం. ఆరబెట్టడం అత్తయ్య పని, ఈనెలు తీయడం నా పని. ఫ్రీజర్ తెరిచే ముందు రోజూ ఒకసారి మిద్దె ఎక్కి చూడాలని ఆవిడ షరతు.

ఆ ముదిరిన బీరకాయల్లో ఒకదాని తొక్కుతో పచ్చడి చేశాను, బాగుంది. రెండోది విత్తనానికి వదిలేశాను. ఎవరికైనా గింజలు కావాలంటే చెప్పండి.

గోదారి మాస్టారు

పొడవు బీరా, నేతిబీరా?