సామాన్యుడా, మామూలు మనిషా?

మొన్న మా ఊరి గ్రంథాలయంలో పిల్లల కోసం ఆర్.కె. లక్ష్మణ్ కార్టూన్ల గురించి ఒక అట్ట రాయాల్సి వచ్చింది. ఆయన బొమ్మల్లో రోజూ కనిపించే 'కామన్ మ్యాన్'ని తెలుగులో ఏమనాలో తోచక పెన్ను ఆగిపోయింది. సామాన్యుడు అంటే మరీ ఎన్నికల ఉపన్యాసంలా ఉందని 'మామూలు మనిషి' అని రాశాను. పక్కనున్న పెద్దాయన అది చదివి, "మామూళ్లు ఇచ్చే మనిషా, పుచ్చుకునే మనిషా?" అన్నారు. అట్ట చింపేశాను.

మామూలు అరబ్బీ నుంచి వచ్చిన మాట. అలవాటుగా జరిగేది అని అర్థం. దసరా మామూలు దాకా బాగానే ఉంది, ఆ తర్వాతే బల్ల కిందకి చేరింది. ఏకవచనంలో ఉన్నంతసేపే దానికి పరువు, 'మామూళ్లు' అన్నామా, లంచమే. లక్ష్మణ్ బొమ్మల్లో మంత్రులు, అధికారులు బహువచనం పార్టీ. మనవాడు ఏకవచనం.

ఇక సామాన్యుడు. 'సమానం' నుంచి 'సామాన్యం', అంటే నలుగురిలోనూ ఉమ్మడిగా ఉండేది. గొప్పేమీ లేనిది అన్న అర్థంలోనే ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నాం గానీ, ఈ ఉమ్మడితనమే అసలు సంగతి. మన పాత తత్త్వశాస్త్రాల్లో ఒకటైన వైశేషికం వాళ్లు లోకంలో ఉన్నవాటిని కొన్ని వర్గాలుగా విడదీసి 'పదార్థాలు' అన్నారు. వాటిలో సామాన్యం ఒకటి, విశేషం ఇంకొకటి. వెయ్యి ఆవులున్నా అన్నిట్లోనూ ఉండే ఆవుతనం సామాన్యం. దేనికది వేరని చెప్పేది విశేషం.

లక్ష్మణ్ కుంచె చేసిన పని కూడా ఇదే. మొదట్లో దేశమంతా కనపడాలని బెంగాలీ, తమిళుడు, పంజాబీ అంటూ రకరకాల మనుషుల్ని గీసేవాడు. రోజూ పేపరు అచ్చుకెళ్లే టైముకి అంతమందిని గీయడం ఎక్కడ కుదురుతుంది? ఒక్కొక్కరినే తీసేస్తూ వస్తే చివరికి ఒక్కడు మిగిలాడు. బట్టతల, చెవుల పైన నాలుగు వెంట్రుకలు, కళ్లజోడు, గుబురు మీసం, గళ్ల కోటు, పంచె. తలపాగాలూ గడ్డాలూ రాలిపోయాయి. 1951లో మొదలైన 'యూ సెడ్ ఇట్' అనే చిన్న కార్టూన్ చదరంలో, టైమ్స్ ఆఫ్ ఇండియా పేజీ మీద, యాభై ఏళ్లకు పైగా ఓ మూల నిలబడి చూశాడు. నోరు మెదపలేదు. ఇంట్లో మాట్లాడేది భార్యే. (ఇదీ ఉమ్మడి లక్షణమే అంటే మా ఆవిడ ఒప్పుకోదు.)

కాబట్టి నా ఓటు సామాన్యుడికే.

అడగబోయేవాళ్లకి ముందే చెప్తున్నా: ఇంట్లో సామానుకీ సామాన్యుడికీ చుట్టరికం లేదండీ, సామాను ఫార్సీ మాట. 'యూ సెడ్ ఇట్'ని 'నువ్వు చెప్పావు' అంటే చప్పగా ఉంటుంది. 'అదీ మాట!' అంటే సరిపోతుందని నాకనిపిస్తోంది. ఇంకెవరికైనా మంచిది తడితే చెప్పండి.

'సామాన్యుడు' అన్న మాట మన నోట ఎక్కువగా 'కాడు'తో కలిసే వస్తుంది కదా అని ఎవరైనా అడిగితే మాత్రం అది గట్టి ప్రశ్నే. కొత్త అట్ట మీద 'సామాన్యుడు' అని రాసి పెద్దాయనకి చూపించాను. కింద రాసినవి కూడా చదివారు: 1988లో తపాలా బిళ్ల మీదకెక్కాడు, పుణెలో విగ్రహమయ్యాడు, ఎయిర్ డెక్కన్ వాళ్ల ప్రచారంలో విమానమూ ఎక్కాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు:

"వీడు సామాన్యుడు కాడయ్యా."