ఎండమావుల దగ్గర ‘అట్టుల’యా, ‘వోలె’యా?

అమలాపురం నుంచి:
స్టార్ వార్స్ ధారావాహిక ‘ఆండోర్’ రెండో సీజన్ ముగించిన నాటి నుంచి ఆదిపర్వంలోని ఒక కందం నన్ను వదలడం లేదు. ‘గతకాలము మేలు వచ్చుకాలముకంటెన్’ అన్న పాదం సరే, అంతకుముందు సంసారాన్ని ఎండమావులతో పోల్చిన చోట ‘వోలె’ అని ఉన్నదా, ‘అట్టుల’ అని ఉన్నదా? నా నోటికి మొదటిదే వస్తున్నది. ఆ కథకు తరువాయి అయిన ‘రోగ్ వన్’ సినిమాను 2016లోనే చూసినవాణ్ని గనుక కథానాయకుడు కాసియన్ స్కారిఫ్ గ్రహంలో చనిపోతాడని తెలుసు. తెలిసి తెలిసి 24 భాగాలూ చూశాను. నార్కినా చెరసాల, ఫెరిక్స్‌లో కాసియన్ పెంపుడుతల్లి మార్వా అంతిమయాత్ర ఎంత కట్టిపడేశాయో, రెండో సీజన్ మూడేసి భాగాలకు ఒక ఏడాది చొప్పున దాటుకుంటూ పోవడం అంత వెలితిగా తోచింది. మెచ్చుకోవాలో నొచ్చుకోవాలో తెలియడం లేదు.

తణుకు నుంచి:
‘వోలె’ పొసగదండీ. రెండో పాదం ‘అతిచంచలము’లోని అకారంతో మొదలవుతున్నది గనుక దానితో పొసగవలసిన యతిస్థానంలో ‘అట్టుల’ ఉంటేనే చెల్లుతుంది.

రాజమహేంద్రవరం నుంచి:
యతి పిల్లలకు కూడా తెలుసు, తగవంతా ‘మేలు’ దగ్గర ఉన్నది. పాండురాజు పోయాక వ్యాసుడు సత్యవతితో అన్న మాట ఇది. సంస్కృత మూలంలో ‘శ్వః శ్వః పాపీయదివసాః’, అంటే రోజురోజుకూ మరింత చెడ్డ దినాలని ఉన్నది గనుక, గతం సుఖంగా గడిచిందని కాక, రాబోయేది అంతకంటె కీడని చెప్పడమే నన్నయ ఉద్దేశం. కులనాశనాన్ని కళ్లారా చూడవద్దని వ్యాసుడు చెప్పగా సత్యవతి కోడళ్లతో తపోవనానికి వెళ్లిపోయింది. అమలాపురం వారు మాత్రం ముగింపు తెలిసీ కదలకుండా కూర్చున్నారు.

భీమవరం నుంచి:
మేలంటే మేలే మాస్టారూ. నన్నయ మీ ఊళ్లో రాసినంత మాత్రాన అర్థం చెప్పే హక్కు కూడా మీకే దఖలు పడలేదు.

రాజమహేంద్రవరం నుంచి:
అయితే అంతిమయాత్రలో వినిపించే మార్వా మాటలు మరొకసారి వినండి. మనమింతకాలం నిద్రపోయామని ఆమె ఊరివారికి చెబుతుంది. అటువంటి గతాన్ని మేలని ఎవరంటారు?

తణుకు నుంచి:
ఈ చర్చకు నన్నయకంటె ఎఱ్ఱన దగ్గరివాడు. తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలూ ముగించిన తరువాత, వాటికి ముందుండవలసిన అరణ్యపర్వశేషాన్ని ఆయన పూరించాడు. నన్నయ శారదరాత్రుల నక్షత్రాల దగ్గర ఆగిపోతే, ఎఱ్ఱన అదే శరత్తులోని ఉదయాలతో అందుకొని, కృతిని కూడా రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. ‘ఆండోర్’ సృష్టికర్త టోనీ గిల్‌రాయ్‌కి ఒక వైపే అతుకు, చివరి భాగంలో కాసియన్‌ను ‘రోగ్ వన్’లో అతడు మొదట కనిపించే కఫ్రీన్‌కు పంపితే సరిపోయింది. ఎఱ్ఱన రెండు వైపులా అతికాడు.

అమలాపురం నుంచి:
పోలిక బాగున్నది గాని, నా వెలితి దానివల్లనే మరింత పెరిగింది. కురుక్షేత్రం తప్పదని తెలిసిన పాఠకుణ్ని కూడా ఎఱ్ఱన సావిత్రి కథ దగ్గర తీరికగా నిలబెట్టాడు. తొలి సీజన్‌లో ఉన్న ఆ తీరిక రెండోదానిలో కరువైంది. ‘అట్టుల’ను ఒప్పుకుంటున్నాను, నోరు మాత్రం ఇంకా ‘వోలె’ అనే అంటున్నది.

భీమవరం నుంచి:
సావిత్రి కథ నన్నయ చేతిలో పడి ఉంటే ఆ అక్షరరమ్యత వేరుగా ఉండేది.

తణుకు నుంచి:
దానికి వేరే చర్చ తెరవండి, ఎఱ్ఱన పక్షాన నేను వస్తాను.