స్కానర్ పెట్టాక గల్లాపెట్టె లెక్క తేలడం లేదు, పైగా మాస్టారు అలిగారు

ప్రశ్న – తెనాలి కిరాణా

మాది తెనాలిలో చిన్న కిరాణా కొట్టు. మామయ్యగారు ముప్ఫై ఏళ్ళు నడిపారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన కూర్చోలేకపోవడంతో రెండేళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. స్కానర్ పెట్టించింది కూడా నేనే. చిల్లర గొడవ తీరింది. పదిహేడు రూపాయల బేరానికి పదిహేడే వస్తున్నాయి, మూడు రూపాయలకు బదులు చాక్లెట్లు చేతిలో పెట్టే పని లేదు.

మామయ్యగారు మాత్రం బోణీ ఫోనులో తీసుకోనివ్వరు. "కళ్ళకద్దుకోవడానికి ఏముందమ్మా అందులో?" అంటారు. మొదటి మనిషి ఫోను తీస్తే పక్కన నిలబెట్టి, నోటు తెచ్చే రెండో మనిషి కోసం ఎదురుచూస్తారు. పాల ప్యాకెట్టు కోసం వచ్చినవాళ్ళు ఎంతసేపని నిలబడతారు?

అసలు ఇబ్బందులు ఇవి. స్కానర్ మామయ్యగారి పొదుపు ఖాతాకు కట్టి ఉంది. గ్యాస్ రాయితీ, మా ఆయన పంపే డబ్బు, కొట్టు డబ్బు అన్నీ అందులోనే. రాత్రి గల్లాపెట్టె లెక్కపెడితే సగం బేరం కనబడదు. హోల్‌సేల్ వాళ్ళేమో నగదే అడుగుతారు.

పోయిన నెల వాన పడిన సాయంత్రం సౌండ్ బాక్స్ పలకలేదు. ఒక కుర్రాడు ఫోను నా వైపు తిప్పి పచ్చ టిక్కు చూపించి నాలుగు నూనె ప్యాకెట్లు పట్టుకెళ్ళాడు. ఆ 640 రూపాయలు నేటికీ పడలేదు.

వీటన్నిటికంటే బాధ పెడుతున్నది అరువు సంగతి. పుస్తకం అటకెక్కించి బాకీలన్నీ ఆప్‌లోకి ఎక్కించాను. మా వీధి మాస్టారు పెన్షన్ పడగానే కట్టే మనిషి. ఆయనకు దానంతట అదే "మీ బాకీ 1,240 రూపాయలు" అని సందేశం పంపింది. అప్పుడు ఆయన ఫోను మనవడి చేతిలో ఉందట, వాడు నలుగురిలో పైకి చదివాడట. ఆ పూటే వచ్చి డబ్బు బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

2025 జులైలో బెంగళూరులో ఫోను చెల్లింపులు చూసి చిన్న కొట్లకు పన్ను నోటీసులు పంపారని చదివినప్పటి నుంచి మా ఆయన స్కానర్ పీకెయ్యమంటున్నారు. పీకెయ్యనా?

జవాబు – పద్దుల మనిషి

పీకితే ఒరిగేదేమీ లేదండీ. జీఎస్టీకి ఏడాది మొత్తం అమ్మకమే లెక్క, నోటుగా వచ్చినా ఫోనులో వచ్చినా ఒకటే. బెంగళూరులోనూ కొందరు స్కానర్లు తీసేసి "నగదు మాత్రమే" అని కాగితాలు అంటించారు. పాత లెక్కలు బ్యాంకులో ఉండనే ఉన్నాయి కదా!

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారు ఏడాదికి 40 లక్షలు దాటితేనే నమోదు కావాలి. అంటే రోజుకు సుమారు 11 వేలు. అది అమ్మకం, లాభం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. విడి బియ్యానికి, కూరగాయలకు పన్ను లేకపోయినా, సబ్బులు కూడా అమ్మే కొట్టుకు వాటి అమ్మకమూ ఈ లెక్కలో కలుస్తుంది. ఇంకో మెలిక ఉంది. సిగరెట్లు, పాన్ మసాలా, ఐస్‌క్రీమ్ అమ్మితే ఆ 40 లక్షల వెసులుబాటు ఉండదు, హద్దు 20 లక్షలే. దాటినా భయపడనక్కర్లేదు. కోటిన్నర వరకు కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పద్ధతిలో, పన్ను పడే సరుకుల అమ్మకం మీద 1 శాతం, మూడు నెలలకోసారి కట్టవచ్చు. కొనేవారి దగ్గర మాత్రం పన్ను వసూలు చేయకూడదు.

ఖాతా రేపే విడదీయండి. మీ ఆయన పంపే డబ్బు అమ్మకంలో కలిసి కనిపిస్తే, ఏది ఏదో చెప్పుకోలేక మీరే అవస్థ పడతారు.

జవాబు – బజ్జీల బండి, ఖమ్మం

ఆ పచ్చ టిక్కు నేనూ చూశాను చెల్లెమ్మా, రెండుసార్లు. ఇప్పుడు బాక్సు పలికితేనే పొట్లం. పలకకపోతే నా ఫోనులో చూసుకుంటాను గానీ వాళ్ళ ఫోను వంక చూడను. నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోనీ.

కొట్టు ఖాతాలో డబ్బు నిల్వ ఉంచకండి. ఎవరో మోసగాడు కొట్టేసిన సొమ్ముతో నా దగ్గర 60 రూపాయల బజ్జీలు తిని పోయాడు. పోగొట్టుకున్నాయన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తే, ఆ 60 రూపాయల వెంట వచ్చి నా ఖాతా ఆపేశారు. శనగపిండి కొనడానికి పైసా లేక నాలుగు రోజులు బండి తీయలేదు. అప్పటి నుంచి ఏ రోజు డబ్బు ఆ రాత్రే ఇంటి ఖాతాకు మార్చేస్తున్నాను.

జవాబు – కొనేవాణ్ణి

నేనూ రిటైరైన మాస్టారినే, ఊరు వేరు. మా కొట్టాయన నా పేజీ తీసినప్పుడు పక్కన ఎవరైనా ఉంటే పుస్తకం మూసి, "తర్వాత చూద్దాం లెండి" అనేవాడు. మీ ఆప్‌కు ఆ పాటి తెలియదు. సందేశాలు ఆపే వీలు అందులోనే ఉంటుంది, ముందు ఆపండి. మాస్టారింటికి మీరు వెళ్ళకమ్మా, మామయ్యగారిని పంపండి. బాకీ మాట ఎత్తవద్దనండి.

తెనాలి కిరాణా

అందరికీ నమస్కారాలు. కొత్త ఖాతాకు కాగితాలు ఇచ్చాను. రోజుకు ఏడెనిమిది వేల బేరమే కదా అని గుండె కుదుటపడేలోపు సిగరెట్ల అర కళ్ళబడింది. 20 లక్షల హద్దయితే మేము దాటినట్టే! ఆదివారం మా ఆయనతో కూర్చుని తేల్చుకోవాలి.

మామయ్యగారు మోకాళ్ళు పట్టుకుంటూ మాస్టారింటికి వెళ్ళి కాఫీ తాగి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. ఇవాళ తలుపులు తీసీ తీయగానే మాస్టారు వచ్చి కాఫీ పొడి తీసుకుని, "రాసుకో అమ్మా" అన్నారు. బోణీకే అరువు! మామయ్యగారి వైపు చూశాను. ఆయన అటక వైపు చూపించారు.