యాప్ పరీక్షకు పిలిచి ధ్రువపత్రంతో సరిపెడుతున్నారు, గంటకు ఎంత అడగాలి?

నాకు చూపు లేదు, ఫోనులో తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడతాను. హైదరాబాద్‌లో ఒక సంస్థ తన చెల్లింపుల యాప్ అంధులకు పనికొస్తుందో లేదో చూడటానికి నన్ను పిలిచింది. మూడు విడతలు, ఒక్కోటి 90 నిమిషాలు, వాళ్ల ఆఫీసులోనే. మొదటిది అయిపోయింది. రానూపోనూ ఆటోకు 380 రూపాయలు నా జేబులోంచే పోయాయి.

ఆ రోజు 11 లోపాలు చెప్పాను. ఒకచోట వెనక్కి వెళ్లే గుర్తునూ, డబ్బు పంపే గుర్తునూ టాక్‌బ్యాక్ ఒకేలా 'బటన్' అని చదివి ఊరుకుంటోంది. ఏది నొక్కితే డబ్బు పోతుందో దేవుడికే తెలియాలి! పక్కన కూర్చుని ఇవన్నీ రాసుకున్న ఉద్యోగికి మాత్రం ఆ గంటన్నరకూ జీతం ఉంది.

పారితోషికం అడుగుతూ రెండు ఈమెయిళ్లు పంపాను. మొదటిదానికి, 'ధ్రువపత్రం ఇస్తాం, మేలు మీవాళ్లకే కదా' అన్నారు. గంటకు 500 రూపాయలని రెండోదాంట్లో రాస్తే, డబ్బిస్తే అభిప్రాయం నిష్పక్షపాతంగా ఉండదట. పాల్గొనేవారి సమయానికీ ఇబ్బందికీ డబ్బు ఇవ్వవచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉందని ఫోనులో చెప్పాను. అవి వైద్య పరిశోధనకు సంబంధించినవన్నారు. అదీ నిజమే, అక్కడ నా నోరు మూతపడింది.

రెండో విడత వచ్చే గురువారం. మానేస్తే ఆ లోపాలు అలాగే ఉండిపోతాయేమోనని బెంగ.

ఇలాంటి పరీక్షలకు డబ్బు తీసుకున్న దివ్యాంగులు ఇక్కడ ఉంటే చెప్పండి: గంటకు ఎంత, ఏమని అడిగి ఒప్పించారు?